కరెంటు తీగలో ఇంటర్నెట్: పనికొచ్చింది తీగ కాదు, స్తంభం

మా ఇల్లు రెండంతస్తులు. రూటర్ కింద హాల్లో టీవీ పక్కన ఉంటుంది. పై గదిలో కూర్చుంటే వైఫై ఒక్క గీతకు పడిపోతుంది. మధ్యలో ఉన్న శ్లాబు, అందులోని ఇనుప చువ్వలు కలిసి సిగ్నల్‌ను సగం మింగేస్తాయి. లాక్‌డౌన్ రోజుల్లో ఆ పై గదే నా ఆఫీసు. మీటింగ్ మధ్యలో మాట తెగిపోతుంటే ఒకటే టెన్షన్. చివరికి ఒక స్నేహితుడి సలహాతో పవర్‌లైన్ అడాప్టర్ల జత తెప్పించాను. చూడ్డానికి ఫోన్ చార్జర్ కన్నా కాస్త పెద్దవి. ఒకదాన్ని కింద ప్లగ్గులో పెట్టి చిన్న కేబుల్‌తో రూటర్‌కు కలపాలి. రెండోదాన్ని పై గదిలో ప్లగ్గులో పెట్టాలి. కొత్త వైరు లాగక్కర్లేదు, గోడ కొట్టక్కర్లేదు. గోడలో ఉన్న కరెంటు వైరే ఇంటర్నెట్‌ను పైకి మోసుకొస్తుంది.

మొదటి రోజు అసలు పని చేయలేదు. రెండు అడాప్టర్లూ ఒకదాన్నొకటి గుర్తుపట్టలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి మీటర్ బోర్డు తెరిచి, "మీది త్రీఫేజ్ కదా సార్, హాలు ఒక ఫేజు, పై గది ఇంకో ఫేజు" అన్నాడు. పై గదిలోనే ఏసీ కోసం పెట్టిన ప్లగ్గు మాత్రం హాలు ఫేజులోనే ఉంది. అందులో పెట్టగానే దీపాలు పచ్చగా వెలిగాయి. వారం రోజులు హాయిగా నడిచింది. తర్వాత గమనించాను, పొద్దున ఏడు గంటలకు, సాయంత్రం ఐదింటికి కచ్చితంగా కాల్ తెగుతోంది. అది మా ఇంట్లో బోరు మోటారు వేసే వేళ. ఒకసారి ఏసీకి చోటు కావాలని అడాప్టర్‌ను స్పైక్ గార్డ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెడితే, వేగం నాలుగో వంతుకు పడిపోయింది.

ఫేజులు, మోటారు, ఎక్స్‌టెన్షన్ బాక్సు. నాకు ఒక ఇంట్లో ఎదురైన ఈ మూడు చిక్కులే, పాతికేళ్ల కిందట ఊళ్లకు ఊళ్లకే కరెంటు తీగల మీద బ్రాడ్‌బ్యాండ్ ఇద్దామని బయల్దేరిన పెద్ద పెద్ద కంపెనీలకు వెయ్యింతలై ఎదురయ్యాయి. ఆ కథ నాకు ఎందుకు ముఖ్యమంటే, "తీగ ఉంది కదా, ఇంకేం కావాలి" అనే మాటలో ఎంత నిజముందో, ఏది తప్పో అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు అసలు ఆలోచన చూద్దాం. మన ఇంటికి వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఇంటర్నెట్ సమాచారాన్ని మోసే సిగ్నల్ సెకనుకు 20 లక్షల నుంచి 3 కోట్ల సార్లు ఊగుతుంది, అంటే 2 నుంచి 30 మెగాహెర్ట్జ్. ఈ రెండింటి మధ్య ఎంత తేడా ఉందంటే, ఒకే తీగలో కలిపి పంపినా అవతల సులువుగా విడదీయొచ్చు. ఒకే గాలిలో ఎన్నో రేడియో స్టేషన్లు ఉన్నా మనకు కావలసినదాన్నే పట్టుకుంటాం కదా, అలాగే. విడదీసే పని చేసేది కెపాసిటర్. సీలింగ్ ఫ్యాన్ తిరగకపోతే మార్పిస్తామే, మనం కండెన్సర్ అనేది, దాని జాతిదే. నెమ్మదిగా ఊగే 50 హెర్ట్జ్ కరెంటును అది దాదాపు ఆపేస్తుంది, వేగంగా ఊగే సిగ్నల్‌ను వదిలేస్తుంది. కాబట్టి అడాప్టర్ లోపలికి 230 వోల్టులు దూసుకురావు, డేటా మాత్రం వస్తుంది.

సూత్రం కొత్తదేం కాదు. విద్యుత్ సంస్థలు 1920ల నుంచే హై టెన్షన్ లైన్ల మీద తమ సొంత ఫోన్ మాటలు పంపుకుంటున్నాయి. దాన్ని పవర్ లైన్ క్యారియర్ అంటారు. ఎప్పుడైనా 132 లేదా 220 కేవీ సబ్‌స్టేషన్ కంచె పక్కగా వెళ్తే, లైను లోపలికి వచ్చే చోట చూడండి. కొన్నిచోట్ల పెద్ద డ్రమ్ము ఆకారంలో, మందపాటి అల్యూమినియం తీగ చుట్టలు చుట్టలుగా ఉన్న పరికరం వేలాడుతూనో, ఇన్సులేటర్ల మీద నిలబడో కనిపిస్తుంది. సబ్‌స్టేషన్ సిబ్బంది దాన్ని వేవ్ ట్రాప్ అంటారు. కరెంటును లోపలికి పోనిస్తుంది, దానితో వచ్చిన సిగ్నల్‌ను అక్కడే నిలిపి పక్కనున్న పరికరానికి మళ్లిస్తుంది. రెండు సబ్‌స్టేషన్ల మధ్య మాటలే కాదు, లైనులో లోపం వస్తే "బ్రేకర్ తెరువు" అనే ఆజ్ఞ కూడా ఆ దారినే వెళ్లేది. వంద కిలోమీటర్ల దూరమైనా ఇబ్బంది లేదు.

మరి అక్కడ అంత బాగా నడిచింది మన వీధిలో ఎందుకు నడవలేదు? తేడా రెండు చోట్ల ఉంది. హై టెన్షన్ లైను ఈ టవర్ నుంచి ఆ టవర్‌కు, ఈ సబ్‌స్టేషన్ నుంచి ఆ సబ్‌స్టేషన్‌కు తిన్నగా పోతుంది. మధ్యలో కొమ్మలు లేవు. పైగా అది మోసే సిగ్నల్ అర మెగాహెర్ట్జ్ లోపే, ఒక మాట పట్టేంత సన్నని దారి. బ్రాడ్‌బ్యాండ్‌కు కావలసింది దానికి వేల రెట్లు వెడల్పైన దారి. అందుకు ఫ్రీక్వెన్సీ పైకి వెళ్లాలి. పైకి వెళ్లేకొద్దీ తీగ స్వభావమే మారిపోతుంది.

పాత ల్యాండ్‌లైన్ తీగ ముక్క దొరికితే కోసి చూడండి. లోపల రెండు సన్న తీగలు జడలా మెలివేసి ఉంటాయి. ఆ మెలికలో పెద్ద తెలివి ఉంది. ఒక తీగలో సిగ్నల్ ఇటు పోతే రెండో తీగలో అటు వస్తుంది. రెండూ ఒకదాన్నొకటి చుట్టుకుని ఉండడం వల్ల ఒకదాని నుంచి బయటికి వెలువడేదాన్ని రెండోది రద్దు చేస్తుంది. బయటి గోల కూడా రెండింటికీ సమానంగా తగిలి కొట్టుకుపోతుంది. అందుకే ఫోను తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ అన్నేళ్లు నడిచింది. ఇప్పుడు వీధి స్తంభం మీదికి చూడండి. తీగలు అడుగు, రెండడుగుల ఎడంతో, మెలిక లేకుండా, పై తొడుగు కూడా లేకుండా సాగిపోతుంటాయి. యాభై హెర్ట్జ్‌కు ఆ ఎడం లెక్కలోకి రాదు. ఎందుకంటే 50 హెర్ట్జ్ తరంగం పొడవు 6,000 కిలోమీటర్లు. దాని ముందు మన ఊరి లైను చీమంత. అదే 10 మెగాహెర్ట్జ్ సిగ్నల్ తరంగం పొడవు 30 మీటర్లే. ఆ సిగ్నల్ దృష్టిలో మన వీధి తీగ ఒక చక్కటి యాంటెన్నా. పంపిన సిగ్నల్ తీగ వెంట ముందుకు పోవడంతో పాటు గాలిలోకీ పోతుంది.

గాలిలో ఉన్నది కూడా తీగలోకి వస్తుంది. మీడియం వేవ్ రేడియో విన్న తరానికి ఇది చెప్పక్కర్లేదు. వంటింట్లో మిక్సీ వేస్తే రేడియోలో బర్రుమని మోత, ట్యూబ్‌లైట్ వెలిగేముందు గరగర. అదంతా కరెంటు తీగల మీద పరుగెత్తే గోల. ఇప్పుడు ఎల్‌ఈడీ బల్బులు, చవక చార్జర్లు, ఇన్వర్టర్లు, మోటారు స్టార్టర్లు అన్నీ తలా కొంత చేర్చాయి. ఆ గోలలోంచి సన్నని డేటా సిగ్నల్‌ను ఏరుకోవాలి.

ఇంకో చిక్కు కొమ్మలు. పంట కాలువలో నీరు తూము దగ్గరకు రాగానే కొంత పక్కకు పోతుంది, కొంత అల వెనక్కి కొడుతుంది. తీగలోనూ అంతే. ప్రతి ఇంటికి లాగిన సర్వీసు వైరు ఒక తూము. కొక్కెం వేసి దొంగతనంగా లాగిన తీగ కూడా తూమే. ఆపేసిన స్విచ్చు దగ్గర సిగ్నల్ గోడకు కొట్టిన బంతిలా తిరిగొస్తుంది. దాంతో ఒకే సమాచారం ముందొకసారి, వెనకొకసారి, కాస్త వంకరగా మరొకసారి చేరుతుంది. ఖాళీ ఫంక్షన్ హాల్లో మైకు పెట్టి మాట్లాడినట్టన్న మాట.

దీనికి ఇంజినీర్లు కనిపెట్టిన ఉపాయం నిజంగా మెచ్చుకోదగ్గది. డేటాను ఒకే పెద్ద ప్రవాహంగా పంపకుండా వెయ్యికి పైగా సన్నని పాయలుగా చీల్చి, ఒక్కో పాయను ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద నెమ్మదిగా పంపుతారు. ఏ పాయలో గోల ఎక్కువుందో అడాప్టర్లు ఎప్పటికప్పుడు పరీక్షించి దాన్ని వదిలేస్తాయి, బాగున్న పాయల్లో ఎక్కువ సరుకు నింపుతాయి. మా బోరు మోటారు మొదలవగానే సగం పాయలు ఒక్కసారిగా పాడై, మళ్లీ లెక్క కుదుర్చుకునేలోపు నా కాల్ తెగిపోయేది. ఇంటి లోపలి వాడకానికి 2001లో వచ్చిన హోమ్‌ప్లగ్ ప్రమాణం సెకనుకు 14 మెగాబిట్ల వేగంతో మొదలై, 2005 నాటికి కాగితం మీద 200 మెగాబిట్లకు చేరింది. 2010లో ఇంజినీర్ల సంఘం ఐట్రిపుల్‌ఈ నుంచి 1901 అని అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. కాబట్టి తెలివి తక్కువై ఓడిపోయిన టెక్నాలజీ కాదు ఇది. నాలుగు గోడల మధ్య, ఒకే ఫేజు మీద, ఇరవై ముప్పై మీటర్ల దూరానికి ఇవాళ్టికీ పనికొస్తుంది. గడప దాటాకే కష్టాలు.

గడప దాటిన వాళ్లలో మొదట పేరు మోగింది ఇంగ్లండ్‌లో. వాయవ్య ఇంగ్లండ్‌కు కరెంటు ఇచ్చే నార్వెబ్, టెలికాం పరికరాలు చేసే నార్టెల్ కలిసి 1997లో మాంచెస్టర్ ప్రాంతంలో, సేమూర్ పార్క్ అనే ప్రాథమిక పాఠశాలతో ప్రయోగం మొదలుపెట్టాయి. సెకనుకు ఒక మెగాబిట్ అన్నారు. ఇళ్లలో మోడెమ్ కీచుమంటూ 56 కిలోబిట్ల కోసం పాకులాడే రోజులవి. ప్రపంచమంతా అటు చూసింది. రెండేళ్లు తిరక్కుండా 1999లో దుకాణం మూసేశారు. ఖర్చు, గిరాకీ లెక్కలు ఒక కారణం. రెండో కారణంగా చెప్పుకున్నది వీధి దీపాలు. ఆ స్తంభాలు రేడియో ప్రసారాలు మొదలుపెట్టాయని అప్పట్లో పెద్ద చర్చ. విని నవ్వుకోవడం తేలిక గానీ, లెక్క వేసి చూడండి. యాంటెన్నాగా చక్కగా పనిచేయాలంటే తరంగం పొడవులో నాలుగో వంతు ఎత్తు చాలు. పది మెగాహెర్ట్జ్‌కు అది ఏడున్నర మీటర్లు. దాదాపు వీధి దీపపు స్తంభం ఎత్తు.

అమెరికా కథ ఇంకా పెద్దది, ఇంకా నేర్పుతుంది. అక్కడ మొదటి అడ్డంకి ట్రాన్స్‌ఫార్మర్. అది 50, 60 హెర్ట్జ్ కోసం చేసిన ఇనుప దిమ్మె, రాగి చుట్టల పెట్టె. మెగాహెర్ట్జ్ సిగ్నల్ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దాటేటప్పటికి చాలావరకు నశిస్తుంది. మన వీధిలో, ఐరోపాలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద వంద, రెండు వందల ఇళ్లుంటాయి. కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర దాకా వేరే దారిన ఇంటర్నెట్ తెచ్చి, అక్కడ తీగలోకి ఎక్కిస్తే అన్ని ఇళ్లకూ పోతుంది. అమెరికాలో వీధి వోల్టేజీ 120, ఇళ్లు దూరం దూరం. అందుకని స్తంభానికొక చిన్న ట్రాన్స్‌ఫార్మర్, దాని కింద ఐదారు ఇళ్లే. అక్కడ సిగ్నల్‌ను పై లైను మీద నడిపించి, ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరా పక్కదారి పెట్టె ఒకటి బిగించి, మధ్య మధ్యలో సిగ్నల్‌ను మళ్లీ బలపరిచే పెట్టెలు వేలాడదీయాలి. వేల వోల్టుల లైను మీద పని. ఒక పెట్టె చెడితే లైన్‌మన్ ఎక్కాలి. ఆ ఖర్చంతా ఐదారు ఇళ్ల మీద పడాలి. "తీగ ఊరికే ఉంది" అన్న మాట ఇక్కడ సగం చచ్చిపోయింది.

మన దగ్గర ఒక ముచ్చట చెప్పాలి. పొలాల్లో మోటార్లు కాలిపోకుండా, కరెంటు నష్టాలు తగ్గేలా ఆంధ్రప్రదేశ్‌లో హెచ్‌వీడీఎస్, అంటే హై వోల్టేజీ పంపిణీ పద్ధతి తెచ్చారు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి, రెండు మూడు మోటార్లకొకటి చొప్పున చిన్నవి పెట్టారు. రైతుకు మేలు చేసిన పద్ధతే. కానీ తీగల మీద ఇంటర్నెట్ లెక్కలో మన పొలం అప్పుడు అమెరికా వీధిలా మారిపోయింది.

అయినా 2004లో అమెరికాలో ఉత్సాహం ఆకాశాన్నంటింది. 2007 కల్లా దేశమంతటా బ్రాడ్‌బ్యాండ్ రావాలని అధ్యక్షుడు జార్జ్ బుష్ ఆ ఏడాదే పిలుపునిచ్చారు. టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, దాని అధ్యక్షుడు మైఖేల్ పావెల్ దీన్ని గట్టిగా వెనకేసుకొచ్చారు. ఫోను తీగ ఒకటి, కేబుల్ తీగ ఒకటి, ఇక మూడో తీగ వస్తే పోటీ పెరిగి ధరలు తగ్గుతాయని ఆశ. ఆ కోరిక న్యాయమైనదేనని నేనూ ఒప్పుకుంటాను. అక్టోబర్ 2004లో ఎఫ్‌సీసీ నిబంధనలు ఆమోదించింది. వర్జీనియాలోని మనాసస్ పట్టణానికి సొంత విద్యుత్ సంస్థ ఉంది. 2005లో పట్టణం మొత్తానికీ తీగల మీద బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చిన మొదటి ఊరుగా దానికి పేరొచ్చింది.

దీన్ని మొదటి రోజు నుంచీ ఎదిరించినవాళ్లు హామ్ రేడియో వాళ్లు, అంటే లైసెన్సు తీసుకుని సొంత రేడియో సెట్ల మీద దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడుకునే ఔత్సాహికులు. మూడు నుంచి ముప్పై మెగాహెర్ట్జ్ దాకా ఉన్న షార్ట్‌వేవ్‌లో వాళ్లకు కేటాయించిన దారులున్నాయి. ఈ తరంగాల గొప్పతనం ఏమిటంటే, వాతావరణంలో బాగా పైన ఉన్న అయనోస్ఫియర్ అనే పొరకు తగిలి వంగి, సముద్రాలు దాటి దిగుతాయి. మధ్యలో టవర్ అక్కర్లేదు, కేబుల్ అక్కర్లేదు, ఉపగ్రహం అక్కర్లేదు. కానీ వచ్చేటప్పటికి చాలా బలహీనంగా ఉంటాయి. వాటిని వినాలంటే చుట్టూ నిశ్శబ్దం ఉండాలి. వీధి వీధంతా తీగలు అదే పరిధిలో మోగుతుంటే ఆ సన్నని గొంతు ఎక్కడ వినపడుతుంది? ఒక దారిని పక్కింటివాడు వాడుకోవడం వేరు, అందులో రాళ్లు పోయడం వేరు అన్నది వాళ్ల వాదన. అమెరికా హామ్‌ల సంఘం ఏఆర్ఆర్ఎల్ కోర్టుకెక్కింది. ఏప్రిల్ 2008లో వాషింగ్టన్‌లోని అప్పీళ్ల కోర్టు తీర్పు చెప్పింది. ఎఫ్‌సీసీ తాను ఆధారపడిన సాంకేతిక అధ్యయనాల్లో కొన్ని భాగాలు కప్పిపెట్టి, మిగతావే బయటపెట్టడం చట్టవిరుద్ధమని తేల్చింది.

ఆ నిశ్శబ్దానికి విలువ ఎంతో తెలిసిన సంఘటనకు హైదరాబాద్‌తో నేరుగా సంబంధం ఉంది. ఎఫ్‌సీసీ నిబంధనలు ఆమోదించిన రెండు నెలలకు, డిసెంబర్ 2004లో, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం ఒకటి భారతి ప్రసాద్ ఆధ్వర్యంలో పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. అండమాన్ నుంచి హామ్ ప్రసారాలకు చాలా ఏళ్ల తర్వాత అనుమతి దొరికి, ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడుతున్నారు. 26వ తేదీ తెల్లవారాక భూకంపం, వెనకే సునామీ. ఫోన్లు పోయాయి, కరెంటు పోయింది. అదే షార్ట్‌వేవ్ సెట్టు మీద ఆ బృందం దీవుల్లో ఎవరు బతికున్నారో, ఎక్కడ సాయం కావాలో ప్రధాన భూభాగానికి చేరవేసింది. హామ్‌ల గొడవను పాతకాలపు సరదారాయుళ్ల గొడవగా కొట్టిపారేసినవాళ్లు అప్పట్లో చాలామందే ఉన్నారు. వాళ్లది తప్పని నా గట్టి అభిప్రాయం.

చివరికి ఈ ఆలోచనను మట్టికరిపించింది మాత్రం కోర్టు కాదు, లెక్కలు. 2005లో కరెంట్ కమ్యూనికేషన్స్ అనే కంపెనీలో గూగుల్, గోల్డ్‌మన్ శాక్స్, హర్స్ట్ పెట్టుబడి పెట్టాయి. డాలస్ ప్రాంతంలో 20 లక్షల ఇళ్లకు ఇస్తామని ప్రకటించారు. ఈలోగా కేబుల్ వాళ్లు, ఫోను వాళ్లు వేగం పెంచుతూ పోయారు. తీగల మీద వచ్చే నాలుగైదు మెగాబిట్లు ఎవరికీ ఆనలేదు. 2008లో డాలస్ విద్యుత్ సంస్థ ఆంకార్ ఆ నెట్‌వర్క్‌ను 9 కోట్ల డాలర్లకు కొనేసింది. ఇంటర్నెట్ అమ్మడానికి కాదు, తన లైన్లలో లోపం ఎక్కడొచ్చిందో కనిపెట్టుకోవడానికి. మనాసస్‌లో చివరికి మిగిలిన కనెక్షన్లు కొన్ని వందలే. 2010 జూలైలో ఆ పట్టణం సేవ ఆపేసింది. అదే కాలంలో ఐబీఎం సాయంతో ఐబెక్ అనే చిన్న కంపెనీ, ఎవరూ ఇంటర్నెట్ ఇవ్వని పల్లెల్లో కరెంటు సహకార సంఘాలతో కలిసి పనిచేసింది. నాకు వీళ్ల మీద గౌరవం ఉంది, నిజంగా అవసరం ఉన్న చోటికి వెళ్లింది వీళ్లే. ఏప్రిల్ 2011లో అలబామాను టోర్నడోలు తుడిచిపెట్టినప్పుడు స్తంభాలతో పాటు వాళ్ల పరికరాలూ పోయాయి. జనవరి 2012లో మూసేశారు.

ఇదంతా విన్నాక టెక్నాలజీ చచ్చిపోయిందనుకోకండి. తొందర లేని చోట, కొద్దిపాటి డేటా ఉన్న చోట బ్రహ్మాండంగా బతికింది. ఫ్రాన్స్‌లో లింకీ అనే స్మార్ట్ మీటర్లు 3.5 కోట్లకు పైగా ఉన్నాయి. అవి రీడింగ్‌ను కరెంటు తీగ మీదే దగ్గర్లోని ట్రాన్స్‌ఫార్మర్ దాకా పంపుతాయి. 100 కిలోహెర్ట్జ్ లోపు ఫ్రీక్వెన్సీ కాబట్టి షార్ట్‌వేవ్ జోలికి పోదు. నాలుగు అంకెలు నిమిషం ఆలస్యంగా చేరినా కొంప మునగదు.

ఇంకొకటి మన హైవేల మీదే ఉంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ ఎలక్ట్రిక్ కారును ఫాస్ట్ చార్జర్‌కు పెట్టి, సీసీఎస్2 అనే ఆ లావుపాటి చార్జింగ్ గన్ను దూర్చగానే, స్క్రీన్ మీద కాసేపు ఏదో తిరుగుతుంది. ఆ కాసేపట్లో కారు, చార్జర్ మాట్లాడుకుంటాయి. బ్యాటరీ ఎంత నిండింది, ఎన్ని వోల్టులు కావాలి అని. ఆ భాష పేరు గ్రీన్ ఫై, హోమ్‌ప్లగ్ కుటుంబానిదే. నడిచేది మాత్రం కరెంటు పోయే తీగ మీద కాదు, గన్నులోనే ఉన్న కంట్రోల్ పైలట్ అనే సన్న తీగ మీద. ఇక్కడ పాత లోపం మళ్లీ కనిపిస్తుంది. సిగ్నల్ పక్క చార్జర్ కేబుల్‌లోకీ కారుతుంది. అప్పుడు కారుకు తాను ఏ చార్జర్‌కు తగులుకుందో ఎలా తెలియాలి? కారు కొన్ని పరీక్ష సంకేతాలు పంపుతుంది. విన్న ప్రతి చార్జరూ తనకు ఎంత బలంగా వినపడిందో బదులు చెబుతుంది. ఎవరికి అందరికన్నా గట్టిగా వినపడిందో అదే నా చార్జర్ అని కారు తేల్చుకుంటుంది. మాంచెస్టర్‌లో వీధి దీపాల దగ్గర తలనొప్పి తెచ్చిన ఆ సిగ్నల్ లీకేజీనే ఇక్కడ లెక్కకట్టి పనికి పెట్టారు.

ఇక మన ఊళ్ల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో పల్లెలకు ఇంటర్నెట్ కరెంటు దారినే వచ్చింది, కానీ తీగలో కాదు. రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం ఏపీ ఫైబర్‌నెట్‌ను డిసెంబర్ 27, 2017న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయల ప్లాన్‌తో మొదలైంది. భూమి తవ్వి ఫైబర్ పాతిపెట్టాలంటే ఏళ్లు పడుతుంది, రోడ్లు తవ్వడానికి అనుమతులు, మళ్లీ పూడ్చడాలు. దాని బదులు 20 వేల కిలోమీటర్లకు పైగా ఫైబర్‌ను కరెంటు స్తంభాల మీదుగా లాగారు. పరికరాలను చాలాచోట్ల సబ్‌స్టేషన్లలోనే పెట్టారు. అక్కడ గది ఉంది, కరెంటు ఉంది, కాపలా ఉంది, ప్రతి మండలానికీ దారి ఉంది.

ఈసారి మీ ఊరి స్తంభం కింద నిలబడి పైకి చూడండి. పైన పింగాణీ ఇన్సులేటర్ల మీద కరెంటు తీగలు. వాటికి బాగా కింద, క్లాంపుకు బిగించిన నల్లటి కేబుల్. అక్కడక్కడా దాని చుట్టలు వేలాడుతుంటాయి, రేపు తెగితే అతకడానికి ఉంచిన మిగులు. ఆ కేబుల్‌లో లోహమే ఉండదు. గాజు పోగులు, వాటి చుట్టూ బలమైన నూలు లాంటి పోగులు, పైన ప్లాస్టిక్ తొడుగు. కరెంటు దానిలోకి ఎక్కదు, మోటారు గోల దానికి వినపడదు, ట్రాన్స్‌ఫార్మర్ దానికి అడ్డు రాదు. ఇంతసేపూ చెప్పుకున్న చిక్కులన్నీ అదే స్తంభం మీద కింద వేరే దారి వేసుకుంటే లేకుండా పోయాయి. పెద్ద టవర్ల మీద ఇదే పని ఇంకోలా జరిగింది. అన్నిటికన్నా పైన, పిడుగుల కోసం కట్టే ఎర్త్ తీగ నడుమనే ఫైబర్ పెట్టి లాగుతున్నారు. కేంద్ర ప్రభుత్వ విద్యుత్ ప్రసార సంస్థ పవర్‌గ్రిడ్ ఆ దారులనే టెలికాం కంపెనీలకు అద్దెకు ఇస్తోంది. తెలంగాణలో టీ-ఫైబర్ అనే ఇంటర్నెట్ పథకం కోసం మిషన్ భగీరథ నీళ్ల పైపుల కందకాలను వాడుకున్నారు. అక్కడ తీగ బదులు గొట్టం, మిగతా ఆలోచన అదే.

స్తంభం దారికి కష్టాలు లేకపోలేదు. గడ్డి లోడు లారీ వెళ్తే కేబుల్ తెగుతుంది. తుపానుకు స్తంభం పడితే రెండూ పడతాయి. పట్టణాల్లోనైతే కేబుల్ టీవీ తీగలు, నాలుగు కంపెనీల ఫైబర్లు, వాడకంలో లేని పాత తీగలు కలిసి స్తంభం మీద గూళ్లు కడుతున్నాయి. ఆగస్టు 2025లో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాక, నగరంలో స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించడం మొదలుపెట్టారు. ఎన్నో ఇళ్లలో ఇంటర్నెట్ ఆగిపోయింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. స్తంభం ఎవరిది, దాని మీద ఎవరికి ఎంత ఎత్తులో చోటు, అద్దె ఎంత, లైన్‌మన్ ప్రాణానికి ఎవరు పూచీ అన్నవి ఇవాళ మన బ్రాడ్‌బ్యాండ్‌కు అసలు ప్రశ్నలు. తీగలో ఎన్ని మెగాహెర్ట్జ్ పడతాయన్న దాని కన్నా ఇవి ముందు తేలాలి.

మా పై గది సంగతి చెప్పి ఆపుతాను. బోరు మోటారు దెబ్బకు విసిగి మళ్లీ అదే ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. కింద హాలు నుంచి పై గదికి గోడలోనే సన్నని పైపు ఒకటి ఉందని, ఇల్లు కట్టినప్పుడు ల్యాండ్‌లైన్ కోసం వేసిందని అప్పుడు గుర్తొచ్చింది. లోపల పాత ఫోను తీగ ఇంకా ఉంది. అతను ఆ తీగ కింది కొసకు లాన్ కేబుల్ కట్టి, ఇన్సులేషన్ టేపు నున్నగా చుట్టి, నన్ను కింద కేబుల్ అందిస్తూ ఉండమని పైకి వెళ్లాడు. పైనుంచి పాత తీగను లాగుతుంటే కింద నుంచి కొత్తది మెల్లగా పైపులోకి జారుకుంటూ పోయింది. పది నిమిషాల పని.